ఘాట్ దిగే సైకిల్‌కి ఏ బ్రేకు? ముందు నూనె పేరు అడగండి

పదో తరగతి పాసైతే గేర్ సైకిల్ కొనిపెడతామని పిల్లలకు మాట ఇవ్వడం మన ఇళ్లలో ఇప్పుడు మామూలైపోయింది. మాట ఇచ్చాక మన సంఘం దగ్గరికి వచ్చి తల్లిదండ్రులు అడుగుతున్న ప్రశ్నలు రెండు. "డిస్కు బ్రేకు కావాలంటున్నాడు, అందులోనూ హైడ్రాలిక్ అంటున్నాడు, అంత డబ్బు పెట్టడం అవసరమా?" అన్నది మొదటిది. "పాడైతే ఇక్కడ బాగుచేసేవాళ్లు ఉన్నారా?" అన్నది రెండోది. రెండూ న్యాయమైన ప్రశ్నలే. మా దృష్టిలో రెండోది మరింత ముఖ్యం.

కొట్పాడ్ చదునైన ఊరు. బొరిగుమ్మ వైపు వెళ్లినా, జగదల్‌పూర్ వైపు వెళ్లినా బ్రేకుకి పెద్ద పరీక్ష పెట్టే దిగుడు లేదు. కానీ పిల్లలు ఊళ్లోనే తిరిగి ఊరుకోవడం లేదు. సెలవు రోజు వస్తే జయపురం, కోరాపుట్‌ల మధ్య ఘాట్ రోడ్డు ఎక్కి దిగుతున్నారు. కాస్త పెద్దవాళ్లు సెమిలిగూడ మీదుగా దేవ్‌మాలి దాకా వెళ్తున్నారు. 1,672 మీటర్ల ఎత్తుతో ఒడిశా మొత్తానికి అదే అతి ఎత్తైన శిఖరం. ఇంకొందరు పొట్టంగి దాటి సుంకి ఘాట్ దిగి సాలూరులో చుట్టాలింటికి సైకిల్ మీదే వెళ్తామంటున్నారు. ఎక్కేటప్పుడు అలిసిపోతే దిగి నడవవచ్చు. దిగేటప్పుడు బ్రేకు పట్టకపోతే చేయగలిగేది ఏమీ ఉండదు. అందుకే ఈ వ్యాసం.

మేము చెప్పదలచుకున్నది ఒక్క మాటలో ఇది: హైడ్రాలిక్ బ్రేకు మంచిదే, కానీ దానిలో ఏ నూనె ఉందో మీకు తెలియాలి, ఆ నూనె మీకు దొరకాలి. ఈ రెండూ లేకపోతే అది ఎంత ఖరీదైనదైనా మన ప్రాంతంలో నమ్మదగ్గ బ్రేకు కాదు.

తీగ డిస్కు వేరు, నూనె డిస్కు వేరు

షాపులో "డబుల్ డిస్కు" అని చూపించే సైకిళ్లలో తక్కువ ధరవి చాలామటుకు మెకానికల్ డిస్కు బ్రేకులే. చక్రం మధ్యలో ఉక్కు రేకు ఉంటుంది, చూడటానికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలుసుకోవడం తేలికే. హ్యాండిల్ నుంచి వచ్చే తొడుగు చక్రం దగ్గరికి చేరాక చూడండి. అక్కడ సన్నని ఉక్కు తీగ బయటకు వచ్చి ఒక చిన్న చేతిని లాగుతూ ఉంటే అది మెకానికల్. ఎక్కడా తీగ కనపడకుండా నల్లని గొట్టం తిన్నగా బ్రేకు పెట్టెలోకి వెళ్లిపోతే అది హైడ్రాలిక్. ఆ బ్రేకు పెట్టెనే కాలిపర్ అంటారు. తీగతో లాగి లోపల మాత్రం నూనెతో పనిచేసే మిశ్రమ రకం కూడా ఉంది, మన వైపు అరుదు.

ఊళ్లో బడికి, ట్యూషన్‌కి, బజారుకి మాత్రమే తిరిగే పిల్లకు మెకానికల్ డిస్కు గానీ, రిమ్మును పట్టే మామూలు బ్రేకు గానీ సరిపోతుంది. తీగ తెగితే ఏ సైకిల్ షాపులోనైనా పది నిమిషాల్లో మారుస్తారు. అలాంటి వాడకానికి హైడ్రాలిక్ కోసం అప్పు చేయవద్దు. ఘాట్ రోడ్లు, రాళ్ల దారులు, బరువుతో ప్రయాణాలు ఉన్నవాళ్లకే దీని ప్రయోజనం నిజంగా తెలుస్తుంది. బడిలో ఇచ్చిన మామూలు సైకిళ్లను మాత్రం ఘాట్‌కి తీసుకెళ్లనివ్వకండి.

లోపల జరిగేది ఏమిటి

మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పోతుందని 17వ శతాబ్దంలో బ్లెయిజ్ పాస్కల్ చెప్పిన సూత్రం పిల్లలు బడిలో చదువుకునేదే. హైడ్రాలిక్ బ్రేకు అంతా ఆ సూత్రమే. లివరు నొక్కితే దాని వెనక ఉన్న చిన్న పిస్టను నూనెను తోస్తుంది. నూనె గొట్టంలోంచి వెళ్లి చక్రం దగ్గరున్న పెద్ద పిస్టన్లను తోస్తుంది. అవి రెండు ప్యాడ్లను డిస్కుకు రెండు వైపులా అదుముతాయి. చిన్న పిస్టను అడ్డుకొలత 10 మిల్లీమీటర్లు, పెద్దది 22 మిల్లీమీటర్లు అనుకుంటే, వైశాల్యం లెక్కన బలం దాదాపు ఐదు రెట్లవుతుంది. అందుకే ఒక్క వేలితో నొక్కినా సైకిల్ ఆగుతుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు వాటంతట అవే కొంచెం కొంచెం ముందుకు జరుగుతాయి కాబట్టి తీగ బ్రేకులా మాటిమాటికీ బిగించే పని ఉండదు.

ఇదంతా ద్రవం కుంచించుకుపోదు అన్న ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది. గాలి కుంచించుకుపోతుంది. గొట్టంలో గాలి బుడగ చేరితే మీ వేలి బలం ఆ బుడగను నొక్కడానికే ఖర్చవుతుంది, ప్యాడ్ల దాకా చేరదు. లివరు మెత్తగా స్పాంజిలా తగులుతుంది. నూనె మరిగి ఆవిరైనా ఇదే జరుగుతుంది.

నూనె మరిగేంత వేడి సైకిల్‌లో ఎక్కడిది అనిపించవచ్చు. లెక్క చూడండి. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలు అనుకుందాం. 100 మీటర్ల ఎత్తు నుంచి నెమ్మదిగా, వేగం పెరగనీయకుండా దిగితే ఆ బరువు వదిలే శక్తి సుమారు 83 వేల జూళ్లు. పావు లీటరు చన్నీళ్లను మరిగించడానికి అంత వేడి చాలు. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, జయపురం దానికంటే 200 మీటర్లకు పైగా కింద ఉంది. అంటే ఒక్క దిగుడులో అర లీటరు నీళ్లు మరిగించే వేడి. కొంత గాలికి పోయినా, నెమ్మదిగా దిగేవాడికి ఎక్కువ భాగం అరచేతి మందం కూడా లేని రెండు డిస్కుల మీదే పడుతుంది.

పర్వత సైకిల్ పుట్టిన చోటే ఈ వేడి సమస్య కూడా మొదలైంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో టమల్పాయిస్ కొండ దగ్గర 1976లో కుర్రాళ్లు పాత సైకిళ్లతో మట్టి దారిలో దిగే పందెం పెట్టారు. వాళ్ల బ్రేకు వెనక చక్రం హబ్బు లోపల ఉండేది. ఒక్కసారి దిగేసరికి లోపలి గ్రీజంతా కాలి పొగై పోయేది. మళ్లీ హబ్బు విప్పి గ్రీజు నింపితేగాని పనికొచ్చేది కాదు. మళ్లీ నింపడాన్ని ఇంగ్లీషులో 'రీప్యాక్' అంటారు కాబట్టి ఆ పందేనికి రీప్యాక్ అన్న పేరే స్థిరపడింది.

అసలు సంగతి: నూనెలు రెండు, ఒకదాని బదులు ఒకటి పనికిరాదు

సైకిల్ హైడ్రాలిక్ బ్రేకుల్లో రెండు జాతుల ద్రవాలు వాడతారు. ఒకటి మినరల్ ఆయిల్. షిమానో, టెక్ట్రో, మగూరా బ్రేకుల్లో ఇదే. రెండోది డాట్ ద్రవం. మోటార్ సైకిళ్లలో, కార్లలో పోసేది ఈ జాతిదే. స్రామ్ కంపెనీ చాలా రకాల్లో, హోప్ బ్రేకుల్లో డాట్ వాడతారు. అయితే స్రామ్‌లోనే డీబీ8, మేవెన్ రకాలు మినరల్ ఆయిల్‌వి. కాబట్టి కంపెనీ పేరు విని నిర్ణయించకూడదు. హ్యాండిల్ దగ్గర నూనె తొట్టి మూత మీద గానీ, లివరు మీద గానీ, కాలిపర్ మీద గానీ ఏది పోయాలో సాధారణంగా ఇంగ్లీషులో రాసి ఉంటుంది. అది చదవండి. చదవలేకపోతే ఫోటో తీసి చదవగలిగినవాళ్లకు చూపించండి.

ఈ రెండింటినీ తట్టుకునే రబ్బరు సీళ్లు వేరువేరు. మినరల్ ఆయిల్ బ్రేకులో డాట్ పోస్తే లోపలి సీళ్లు ఉబ్బి మెత్తబడతాయి. డాట్ బ్రేకులో మినరల్ ఆయిల్ పోసినా సీళ్లు ఉబ్బుతాయి. రెండు నూనెలూ ఒకదానితో ఒకటి కలవవు కూడా. ప్రమాదం ఎక్కడుందంటే, తప్పు నూనె పోసిన రోజు బ్రేకు బాగానే పట్టుతుంది. కొన్నాళ్లకు లివరు నొక్కితే వెనక్కి రాదు, లేదా నూనె కారుతుంది, లేదా ఘాట్ మధ్యలో లివరు హ్యాండిల్‌కి తగిలిపోతుంది.

మాకు తెలిసిన ఒక కుర్రాడి సైకిల్‌కి ఇదే జరిగింది. పేరూ, షాపూ ఇక్కడ అనవసరం. లివరు మెత్తబడిందని దారిలో ఉన్న మోటార్ సైకిల్ మెకానిక్ దగ్గర ఆపాడు. ఆయన మంచి పనివాడే, తన దగ్గరున్న బ్రేకు ఆయిల్ పోసి గాలి తీసి ఇచ్చాడు. రెండు వారాలు బాగుంది. తరవాత ముందు బ్రేకు పట్టిన పట్టు వదల్లేదు. చదును రోడ్డు మీద కాబట్టి మోచేతి దెబ్బతో పోయింది. చివరికి లివరు, కాలిపర్ రెండూ మార్చాల్సి వచ్చింది. ఒడియాలో 'తేల' అన్నా, తెలుగులో నూనె అన్నా, మోటార్ సైకిల్ షాపులో మెకానిక్ చేతికి అందేది డాట్ సీసాయే. అది ఆయన తప్పు అనలేం. ఏది పోయాలో చెప్పాల్సింది సైకిల్ యజమాని.

నూనె నూనెకీ తేడా ఉందని కొట్పాడ్ వాళ్లకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన మన కొట్పాడ్ బట్టకు మిర్గాన్ నేతకారులు నూలును ఆముదంతో, పేడతో, బూడిదనీళ్లతో నానబెట్టి సిద్ధం చేశాకే ఆల్ చెట్టు వేరు రంగు ఎక్కిస్తారు. ఆముదం బదులు చేతికందిన నూనె పోయరు. తొలి రోజుల్లో కార్ల హైడ్రాలిక్ బ్రేకుల్లో కూడా ఆముదంలో ఆల్కహాల్ కలిపిన ద్రవం వాడేవారు. అలాగని ఇప్పటి సైకిల్‌లో ఆముదం గానీ, కుట్టుమిషను నూనె గానీ, బేబీ ఆయిల్ గానీ పోయకూడదు. షిమానో నూనె ఎర్రగా ఉంటుంది కదా అని ఎర్రటి గేర్ ఆయిల్ పోయడం కూడా తప్పే. రంగు చూసి కాదు, సీసా మీది పేరు చూసి పోయాలి.

రెండింటిలో ఏది మేలు అంటే, మన ప్రాంతానికి మేము మినరల్ ఆయిల్ వైపే మొగ్గుతాం. కారణం చెప్తాం. డాట్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పీల్చాక ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 5.1కి ఆ అంకెలు 260, 180. నాలుగు నెలలు ముసురు పట్టే కోరాపుట్ జిల్లాలో ఇది ఆలోచించాల్సిన విషయం. డాట్ బ్రేకులో ఏడాదికోసారి ద్రవం మార్చాలి. మూత తీసి అటక మీద పెట్టిన పాత సీసా పనికిరాదు. డాట్ రంగును తినేస్తుంది, చర్మానికీ మంచిది కాదు. మినరల్ ఆయిల్ తేమను పీల్చదు, సీసా ఎక్కువ కాలం నిలవ ఉంటుంది. దానికీ ఒక లోపం ఉంది: నీళ్లు ఎలాగైనా లోపలికి చేరితే నూనెలో కలవక కిందికి దిగి, అన్నిటికంటే వేడెక్కే కాలిపర్‌లోనే నిలుస్తాయి. నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి. కాబట్టి దీనికీ ఒకటి రెండేళ్లకోసారి, లేదా నూనె నల్లబడగానే, మార్పు అవసరం.

డాట్ 5 అని ఇంకొకటి సీసాల మీద కనిపిస్తుంది. అది సిలికాన్ ద్రవం, డాట్ 5.1 కాదు. సైకిల్ బ్రేకుల్లో పోయవద్దు.

కొనేముందు అడగవలసినవి

ఒకటి, నూనె. "ఇందులో ఏ నూనె? మీ దగ్గర సీసా ఉందా?" అని షాపులో అడగండి. జయపురం, జగదల్‌పూర్, విశాఖపట్నం, ఎక్కడ కొన్నా సైకిల్‌తోపాటే ఒక చిన్న సీసా కొనుక్కోండి. తరవాత వెతుక్కోవడం కష్టం.

రెండు, ప్యాడ్లు. ప్రతి బ్రేకుకీ ప్యాడ్ ఆకారం వేరు. సులభంగా దొరికే ఆకారం ఉన్న బ్రేకు కొనడం తెలివి. ఉదాహరణకు షిమానో ఎంటీ200లో పట్టే బి01ఎస్, దాని తరవాత వచ్చిన బి03ఎస్, బి05ఎస్ ఒకే ఆకారంవి. సైకిల్ కొన్న రోజే రెండు జతలు తెచ్చి పెట్టుకోండి. పార్సిల్ వచ్చే దాకా పిల్లవాడు అరిగిన ప్యాడ్లతో తిరుగుతాడు, అదే భయం.

మూడు, ప్యాడ్ పదార్థం. రెసిన్ ప్యాడ్లు మెత్తనివి, శబ్దం తక్కువ, చల్లగా ఉన్నప్పుడే బాగా పట్టుతాయి, కానీ బురదలో తొందరగా అరుగుతాయి. మెటల్ ప్యాడ్లు వేడినీ బురదనూ తట్టుకుంటాయి, కానీ కీచుమంటాయి. తక్కువ ధర డిస్కుల మీద "రెసిన్ ప్యాడ్ ఓన్లీ" అని ఇంగ్లీషులో చెక్కి ఉంటుంది. అలాంటి డిస్కుకి మెటల్ ప్యాడ్ వేయకూడదు, డిస్కు త్వరగా అరిగిపోతుంది.

నాలుగు, డిస్కు కొలత. 160, 180, 203 మిల్లీమీటర్లవి ఎక్కువగా వస్తాయి. 160 బదులు 180 వేస్తే అదే నొక్కుకు ఆపే బలం ఎనిమిదో వంతు పెరుగుతుంది, వేడి చల్లారడానికి లోహం కూడా ఎక్కువ. ఘాట్ దిగేవాళ్లకు ముందు చక్రానికి 180 ఉంటే మంచిది, బరువైన మనిషికి మరీ అవసరం. ఐతే ఫోర్కు, ఫ్రేము ఎంత పెద్ద డిస్కును అనుమతిస్తాయో కనుక్కోకుండా పెద్దది బిగించకండి. నాలుగు పిస్టన్ల బ్రేకులు ఉన్నాయి, మన పిల్లలకు రెండు పిస్టన్లవి చాలు.

ఐదు, ఏ లివరు ఏ చక్రానిది? మోటార్ సైకిల్ అలవాటు ప్రకారం కుడిచేతిది ముందు బ్రేకు అనుకుంటాం. కొన్ని దిగుమతి సైకిళ్లలో ఎడమచేతిది ముందుకి ఉంటుంది. కొత్తగా నడిపేవాడు కంగారులో ముందు చక్రం ఒక్కసారి పట్టేస్తే తలకిందులవుతాడు. షాపులోనే చూసుకోండి. లివరు చిన్న చేతులకు అందేలా దగ్గరకు జరిపే స్క్రూ ఉందో లేదో కూడా చూడండి.

కొత్త ప్యాడ్లకు అలవాటు చేయాలి

కొత్త బ్రేకు గానీ, కొత్త ప్యాడ్లు గానీ మొదటి రోజు సరిగా పట్టవు. ప్యాడ్ పదార్థం డిస్కు మీద పలచగా, సమంగా పరుచుకోవాలి. ఖాళీ చదును రోడ్డు మీద ఓ మోస్తరు వేగం అందుకుని, ఒక్కో బ్రేకునూ గట్టిగా, సమంగా నొక్కి నడక వేగానికి తీసుకురండి. పూర్తిగా ఆగకముందే వదిలేయండి. ఇలా ఒక్కో చక్రానికి ఇరవై సార్లు చేయండి. పట్టు పెరుగుతున్నట్టు వేలికే తెలుస్తుంది. ఈ పని చేయకుండా తిన్నగా ఘాట్‌కి వెళ్లకూడదు.

ఇంట్లో చేసుకునే పనులు

డిస్కుకీ ప్యాడ్‌కీ నూనె శత్రువు. లోపల ఏ నూనె లేకపోతే బ్రేకు లేదో, అదే నూనె బయట ఒక్క చుక్క పడితే బ్రేకు పోతుంది. చైనుకి నూనె వేసేటప్పుడు డిస్కు మీద గుడ్డ కప్పండి. కిరోసిన్‌తో సైకిల్ కడిగే అలవాటు మానండి. తుప్పు వదలడానికి కొట్టే స్ప్రేలు డిస్కు దరిదాపుల్లో వద్దు. వేళ్లతో డిస్కును ముట్టుకోవద్దు, చేతి జిడ్డు కూడా అంటుతుంది. ఆయుధపూజ నాడు సైకిల్‌కి పసుపు కుంకుమ హ్యాండిల్‌కే పెట్టండి. డిస్కుకి గంధం, నూనె పూస్తే భక్తి సంగతేమోగాని బ్రేకు మాత్రం పోతుంది.

డిస్కు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి. మొబైల్ ఫోన్లు బాగుచేసే షాపుల్లో బోర్డులు తుడిచేది అదే, అడిగితే ఎక్కడ దొరుకుతుందో చెప్తారు. చేతులకు రాసుకునే శానిటైజర్ వద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది. ప్యాడ్‌లోకి నూనె ఇంకిపోతే గరుకు కాగితంతో పైపొర రుద్ది చూడవచ్చు. పట్టు తిరిగి రాకపోతే కొత్త ప్యాడ్లు వేయడమే. నూనె ఇంకిన ప్యాడ్‌ను స్టవ్ మీద కాల్చే పద్ధతిని మేము సిఫారసు చేయం.

ప్యాడ్‌లో రేకు వదిలేసి, అరిగే పదార్థం ఒక్కటే చూడండి. అది అర మిల్లీమీటరుకి వస్తే మార్చి తీరాలి. ఘాట్ ప్రయాణం ఉంటే ఒక మిల్లీమీటరు దగ్గరే మార్చడం మంచిది. డిస్కు కూడా అరుగుతుంది. షిమానో డిస్కులు కొత్తలో 1.8 మిల్లీమీటర్లు ఉంటాయి, 1.5కి వస్తే మార్చమని కంపెనీ చెబుతుంది.

సైకిల్‌ను బస్సు మీదో రైల్లోనో పంపేటప్పుడు చక్రం ఊడదీస్తాం. చక్రం లేనప్పుడు ఎవరైనా సరదాకి లివరు నొక్కితే ప్యాడ్లు దగ్గరకు వచ్చి అతుక్కుపోతాయి, తరవాత డిస్కు దూరదు. ప్యాడ్ల మధ్య మడత పెట్టిన అట్టముక్క పెట్టి పంపండి. సైకిల్‌ను తలకిందులుగా చాలాసేపు ఉంచితే తొట్టిలోని గాలి గొట్టంలోకి దిగవచ్చు. నిలబెట్టాక లివరు పదిసార్లు నొక్కి చూసి, గట్టిపడకపోతే గాలి తీయించాలి.

గాలి తీయడం

దీన్ని బ్లీడింగ్ అంటారు. మోటార్ సైకిల్ మెకానిక్‌కి ఈ పని కొత్త కాదు, పనిముట్లు మాత్రం సైకిల్‌వి కావాలి. పద్ధతి స్థూలంగా ఇది. చక్రం, ప్యాడ్లు తీసి పక్కన పెట్టాలి. ప్యాడ్ల చోట ప్లాస్టిక్ దిమ్మ బిగించాలి. లివరును నేలకు సమాంతరంగా తిప్పి, తొట్టి మీద చిన్న గరాటు పెట్టాలి. కింద కాలిపర్ దగ్గర సిరంజితో కొత్త నూనెను మెల్లగా పైకి తోయాలి. గాలి పైకే పోతుంది కాబట్టి బుడగలు గరాటులోకి వచ్చి పగిలిపోతాయి. బుడగలు ఆగాక కింద మర బిగించి, లివరు నొక్కి చూసి, గరాటు తీసి మూత వేయాలి. అన్నీ ఆల్కహాల్‌తో తుడిచాకే ప్యాడ్లు పెట్టాలి. మర మరీ బిగిస్తే విరుగుతుంది. ప్రతి కంపెనీ పద్ధతిలో చిన్న తేడాలుంటాయి, సైకిల్‌తో వచ్చిన పుస్తకం పారేయకండి.

ఘాట్ ఎక్కేముందు, దిగేటప్పుడు

బయలుదేరే ముందు రెండు నిమిషాలు చాలు. ఒక్కో లివరును గట్టిగా నొక్కి పది అంకెలు లెక్కపెట్టండి. లివరు మెల్లగా హ్యాండిల్ వైపు జారిపోతూ ఉంటే ఎక్కడో నూనె కారుతోంది, ఆ రోజు ప్రయాణం మానండి. మొదటిసారి మెత్తగా తగిలి, రెండు మూడుసార్లు నొక్కితే గట్టిపడితే లోపల గాలి ఉంది. గొట్టం కీళ్ల దగ్గర తడి ఉందేమో గుడ్డతో తుడిచి చూడండి. డిస్కు బోల్టులు కదులుతున్నాయేమో చూడండి. చాలా డిస్కులకు ఆరు బోల్టులు, టి25 నక్షత్రం కీ పడుతుంది.

దిగేటప్పుడు బ్రేకును అదేపనిగా రాసుకుంటూ దిగడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. భయపడేవాళ్లే ఇలా చేస్తారు, ప్రమాదం వాళ్లకే ఎక్కువ. డిస్కు చల్లారడానికి క్షణం కూడా దొరకదు. మలుపుకి ముందే తిన్నగా ఉన్న చోట రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి వేగం తగ్గించండి, మలుపులో వదిలేయండి. మళ్లీ వేగం పెరిగితే మళ్లీ నొక్కండి. వాన పడితే తొలి నొక్కు డిస్కును ఆరబెట్టడానికే పోతుంది, కాబట్టి ఇంకాస్త ముందే నొక్కాలి. కాలిన వాసన వచ్చినా, లివరు దూరం మారుతున్నట్టు అనిపించినా రోడ్డు పక్కన సురక్షితమైన చోట ఆగండి. వేడి డిస్కును ముట్టుకోవద్దు, చర్మం అంటుకుపోతుంది. నీళ్లు కూడా పోయవద్దు, వంగిపోతుంది. పావుగంట ఆగితే చల్లారుతుంది. చల్లారాక కూడా లివరు గట్టిపడకపోతే సైకిల్‌ను నడిపించుకుంటూ దిగండి. లారీలు తిరిగే రోడ్డులో దీనికి సిగ్గుపడాల్సిన పని లేదు.

ఒక మనవి

ఆఫీసుల్లో ఫైలుకి ఒక రిజిస్టరు ఉన్నట్టే సైకిల్‌కీ ఒక పాత నోటుబుక్కు పెట్టండి. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో నూనె పేరు, ప్యాడ్ నంబరు, డిస్కు కొలత రాయండి. తరవాతి పేజీల్లో నూనె మార్చిన తేదీ, ప్యాడ్లు మార్చిన తేదీ రాయండి. నూనె పేరును చిన్న చీటీ మీద ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ రాసి లివరు దగ్గర టేపుతో అతికిస్తే ఇంకా మంచిది. పిల్లవాడు ఒంటరిగా ఎక్కడ ఆగినా మెకానిక్ చదువుకుంటాడు.

మన పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు గాని చదవడం ఒడియాలోనే. అందుచేత పెద్దవాళ్లు ఈ వ్యాసం చదివి, కనీసం నూనెల భాగం, ఘాట్ దిగే భాగం వాళ్లకు వినిపించవలసిందిగా కోరుతున్నాం. గరాటు, సిరంజి, ఒక మినరల్ ఆయిల్ సీసా సంఘం ఖర్చుతో తెప్పించి అందరికీ అందుబాటులో ఉంచాలని రాబోయే సమావేశంలో ప్రతిపాదిస్తాం. ఆ సమావేశానికి వచ్చేటప్పుడు మీ సైకిల్ మీద రాసి ఉన్న నూనె పేరు, ప్యాడ్ నంబరు రాసుకుని తీసుకురండి. ఎన్ని సైకిళ్లకు ఏది కావాలో తెలిస్తే అందరికీ కలిపి ఒకేసారి తెప్పించవచ్చు.